పెట్టెల మీది పేర్లను ఊళ్లోకి తెచ్చుకుందాం: భట్టిప్రోలు పెద్దలకు, బడులకు ఒక బహిరంగ లేఖ

భట్టిప్రోలు, వెల్లటూరు, అద్దేపల్లి పంచాయతీల పెద్దలకు, వార్డు సభ్యులకు, బడి పంతుళ్లకు, టీచరమ్మలకు, ఊరి యువతీ యువకులకు నమస్కారం.

నాది మీ పక్క ఊరే, రేపల్లె వైపు. మీ ఊరి పాత బౌద్ధ స్తూపం దిబ్బ చూస్తూ పెరిగాను. పెద్దయ్యాక దాని గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. అందుకని, మీ ఊరి సంగతి మీకే చెబుతున్నానని అనుకోకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదవమని కోరుతున్నాను.

అడగదలచుకున్నది ముందే అడుగుతాను. మీ పంచాయతీ ఆఫీసు ముందో, హైస్కూలు గోడ మీదో, స్తూపానికి పోయే దారిలోనో ఒక పెద్ద రాతి పలక నిలబెట్టండి. దాని మీద కొన్ని పేర్లు చెక్కించండి. కూర, కూర తండ్రి బానవ, పిగహ కడగొట్టు కొడుకు ఉతర, సివ, జేత, తిస, సమన, జంభ, కేస, సమనదాస, ఇంకా వాళ్లతో ఉన్నవాళ్లంతా. చివర్లో కావాలంటే కుబిరక రాజు. వీళ్లు మీ ఊళ్లో సుమారు 2200 ఏళ్ల కిందట బతికిన మనుషులు. పేరుతో సహా మనకు తెలిసిన మొదటి భట్టిప్రోలువాళ్లు. ఎక్కడో కావ్యంలోనో పురాణంలోనో కనిపించే పేర్లు కావు ఇవి. వాళ్లు బతికుండగా, వాళ్ల డబ్బుతో, వాళ్ల కళ్లముందు రాతి మీద చెక్కించుకున్నవి. తెలుగు నేల మీద ఇంత పాత ఊరివాళ్ల జాబితా దొరకడం చాలా అరుదు. అలాంటిది మీ ఊళ్లో దొరికింది. మీ పిల్లలకు కృష్ణదేవరాయల ఆస్థానంలో అష్టదిగ్గజాలు ఎవరో తెలుసు. తమ ఊరి కూరుడెవరో కూడా తెలియాలి కదా!

సంగతి మొదటినుంచీ చెబుతాను. 1892లో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రీ మీ దిబ్బను తవ్వించాడు. అప్పటికే స్తూపం పైభాగం పోయింది. ఎలా పోయిందో తరవాత రాస్తాను, ఆ కథ కూడా మీరు వినాలి. మిగిలిన మొండెం నడిమధ్య నిలువుగా ఒక బొరియ ఉంది. దాంట్లోకి దిగి తవ్వుతుంటే ఒకదాని కింద ఒకటిగా మూడు రాతి పెట్టెలు బయటపడ్డాయి. పెట్టె అంటే చెక్కపెట్టెలా ఊహించుకోకండి. రెండు పెద్ద రాళ్లు. కింది రాయికి మధ్యలో గుంట తొలిచారు. పై రాయి దానికి సరిగ్గా కూర్చునే మూత. గుంటలో స్ఫటికంతో చేసిన చిన్న భరిణె, అందులో బుద్ధుడివని వాళ్లు నమ్మి దాచిన అస్థికలు. చుట్టూ బంగారు పువ్వులు, ముత్యాలు, పూసలు. రాతి అంచుల మీద, మూత లోపలివైపు, వరసలు వరసలుగా అక్షరాలు.

బంగారు పువ్వుల గురించి, ముత్యాల గురించి ఊళ్లో కథలు చాలానే చెప్పుకుంటారు. అక్షరాల గురించి చెప్పుకునేది తక్కువ. నాకు మాత్రం ఆ పెట్టెల్లో దొరికిన అసలు నిధి ఆ అక్షరాలే.

వాటి నకళ్లను వియన్నాలో సంస్కృతం చెప్పే గియోర్గ్ బ్యూలర్ చదివాడు. 1894లో, శాసనాలను అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా రెండో సంపుటంలో అచ్చయ్యాయి. మొదటి పెట్టె మీద ఉన్న మాట ఇది: "కురపితునో చ కురమాతు చ కురస చ సివస చ మజుసం పణతి ఫాళిగసముగం చ బుధసరిరాణం నిఖేతు." భాష ప్రాకృతం. కూరుడి తండ్రి, కూరుడి తల్లి, కూరుడు, సివుడు, ఈ నలుగురూ కలిసి బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు ఉంచడానికి ఒక పెట్టె, ఒక స్ఫటికపు భరిణె చేయించారు. అంతే. ఇంకో చోట ఈ కూరుడు బానవుడి కొడుకని, తండ్రితో కలిసి పెట్టె ఇచ్చాడని ఉంది. ఇంకోచోట మూడే మాటలు: "ఉతరో పిగహపుతో కాణీఠో." పిగహ కొడుకుల్లో చిన్నవాడు ఉత్తరుడు.

ఆ మొదటి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగండి. తల్లికి పేరు లేదు. కూరుడి తల్లి, అంతే. మన ఊళ్లలో ఇప్పటికీ "శీనుగాడి అమ్మ", "లక్ష్మి వాళ్ల నాన్న" అనే పిలుస్తాం. సొంత పేరు రేషన్ కార్డులో ఉంటుంది, వీధికి మాత్రం ఆవిడ ఫలానావాడి అమ్మే. రెండు వేల ఏళ్ల నాటి ఆ తల్లి పేరు మనకిక ఎప్పటికీ తెలియదు. కానీ భర్తతో, కొడుకుతో పాటు తన వంతు తాను ఇచ్చింది. తన పేరు కాకపోయినా తన పాత్ర రాతికెక్కింది. ఆ వాక్యాన్ని మొదట చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మీ హైస్కూల్లో ఏడో తరగతి పిల్లకి ఈ వాక్యం చదివి వినిపిస్తే, ఆ పిల్లకి చరిత్ర పాఠం మీద ఇష్టం కలగకుండా ఉంటుందా?

రెండో, మూడో పెట్టెల మీద గుంపులు గుంపులుగా పేర్లు ఉన్నాయి. వాళ్లు తమను "గోఠి" అని చెప్పుకున్నారు. గోష్ఠి. ఇప్పటి మాటల్లో ఒక కమిటీ, ఒక సంఘం. అరహదినుల గోఠి ఒకటి, సింహ గోఠి ఒకటి. ఇంకో జాబితా "నేగమా" అని మొదలవుతుంది. నిగమం అంటే వర్తకుల ఊరు, ఆ ఊరి వర్తక సంఘం కూడా. ఆ తరవాత వరసగా పేర్లు. ఏ బిరుదులూ లేవు, ఏ పొగడ్తలూ లేవు. గుడికి చందాలు వేసుకున్నాక గోడ మీద చెక్కించే దాతల పట్టికలా ఉంటుంది అది.

దీన్నిబట్టి మీ ఊరి గురించి చాలా తెలుస్తుంది. ఊళ్లో సంఘాలు కట్టుకునేంత జనం ఉన్నారు. రాతి పని, స్ఫటికం పని, బంగారం పని చేయించుకునే స్తోమత ఉంది. ఎక్కడైనా స్ఫటికాన్ని లోపల గుల్లగా తొలిచి భరిణె చేయడం మామూలు పనివాడి వల్ల కాదు. నేగమం ఉందంటే సరుకు వస్తోంది, పోతోంది. కృష్ణ దగ్గర్లోనే ఉంది. అవతలి ఒడ్డున ఘంటసాల. శాసనాల్లో దాని పేరు కంటకసేల. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ దాన్ని రేవు పట్టణంగా తన పుస్తకంలో ఎక్కించాడు. మీ ఊరి స్తూపం అంతకంటే పాతది. ఇవాళ మండల కేంద్రంగా, రైల్వే స్టేషనుతో, చుట్టూ వరిచేలతో ఉన్న భట్టిప్రోలు ఆ రోజుల్లో ఈ డెల్టాలోని పెద్ద ఊళ్లలో ఒకటై ఉంటుంది.

రాజు సంగతి. మీ ఊరి గురించి ఎవరు మాట్లాడినా కుబేరక మహారాజుతోనే మొదలుపెడతారు. రాజు ఉన్న మాట నిజమే. పెట్టెల మీద "కుబిరకో", "ఖుబిరకో" అని రెండు రకాలుగా ఉంది. కానీ అక్కడ ఆయన ఎలా ఉన్నాడో చూడండి. మూడో పెట్టె మీద ఆయన సింహ గోఠికి "పముఖో", అంటే ఆ సంఘానికి పెద్ద. ఆయనతో కలిసి సంఘంవాళ్లు ఇంకో పెట్టె, స్ఫటికపు భరిణె, రాతి భరిణె ఇచ్చారు. రాజు కూడా సంఘంలో ఒక సభ్యుడిగానే కనిపిస్తాడు. దాదాపు ఆ కాలానివే కర్నూలు జిల్లాలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్కడ మాట్లాడేది చక్రవర్తి ఒక్కడే. మిగతా జనం వినేవాళ్లు. ఇక్కడ మాట్లాడేది ఊరు. రాజు ఊరితో కలిసి నిలబడ్డాడు. నా లెక్కలో భట్టిప్రోలు గొప్పతనం ఇదే. ఎంతమంది రాజులు మన నేలను ఏలలేదు! తమ పేర్లను తామే రాసుకుని, ఆ వరసలో రాజుకి కూడా ఒక చోటిచ్చిన ఊరు ఎన్ని ఉన్నాయి?

అందుకే ఊళ్లో విగ్రహం అంటూ పెడితే కుబేరకుడిది పెడదామనే ఆలోచన ఎవరికైనా ఉంటే, దయచేసి మరోసారి ఆలోచించండి. ఆయన రూపం ఎలా ఉండేదో చెప్పే ఆధారం ఏదీ లేదు. కిరీటం పెట్టి, మీసాలు మెలేసి సినిమా రాజులా చేయించడం కంటే, ఆయన పేరు కూడా ఉన్న ఆ జాబితాను పూర్తిగా చెక్కిస్తే ఊరికి నిజమైన గౌరవం.

ఇంకో వాక్యం ఉంది, దాన్ని కూడా ఆ పలక మీదికి ఎక్కించాలి. పెట్టెల్లో ఆరు పలకల స్ఫటికం ముక్క ఒకటి దొరికింది. దాని మీద సన్నటి అక్షరాలు. నందపురం ఆడవాళ్లు, సువణమాహలోని చిన్న సన్యాసులు, అంటే శ్రామణేరులు ఇచ్చిన దానం గురించి ఆ రాత. పొరుగూరి ఆడవాళ్లు గుంపుగా తమ దానం పంపించారన్న మాట. దీని లిపి కూడా వేరు. మిగతా పెట్టెల మీది రాత భట్టిప్రోలుకే ప్రత్యేకమైనది. ఈ స్ఫటికం మీదిది మాత్రం అప్పట్లో దేశమంతా వాడుకలో ఉన్న మామూలు బ్రాహ్మి లిపి. ఒకే స్తూపంలో రెండు రకాల చేతులు కనిపిస్తున్నాయి. ఊరి లేఖకులు ఒక బడిలో నేర్చుకున్నవాళ్లు, ఆ దానం రాసినవాళ్లు మరో బడిలో నేర్చుకున్నవాళ్లు.

లిపి మాట వచ్చింది కాబట్టి, కొంచెం కష్టమైన సంగతే అయినా చెప్పక తప్పదు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పటినుంచీ భట్టిప్రోలు పేరు తరచూ వినిపిస్తోంది. "తెలుగు లిపికి తల్లి భట్టిప్రోలు" అని ఫ్లెక్సీల మీద, ఫోన్లలో తిరిగే మెసేజుల్లో చూస్తుంటాం. మన ఊరి మీద అభిమానంతో రాసేదే, కాదనను. కానీ అసలున్న గొప్పతనం చాలు, దాని మీద మరొకటి అంటించక్కర్లేదు. పెట్టెల మీది భాష ప్రాకృతం, తెలుగు కాదు. మన తెలుగు అక్షరాలు తరవాతి శతాబ్దాల్లో దక్షిణాది బ్రాహ్మి నుంచి శాతవాహన, ఇక్ష్వాకు, శాలంకాయన కాలాల మీదుగా మెల్లగా మారుతూ వచ్చాయి. భట్టిప్రోలు రాత ఆ వంశంలో ఒక విచిత్రమైన పాత కొమ్మ. విచిత్రం ఎందుకంటే, 23 అక్షరాలు అశోకుడి బ్రాహ్మిలాగే ఉన్నాయని, కొన్ని మాత్రం పూర్తిగా వేరని బ్యూలర్ లెక్క తేల్చాడు. 'మ' తలకిందులుగా ఉంటుంది. ఇంకా ముఖ్యమైంది: మామూలు బ్రాహ్మిలో అక్షరం రాస్తే అందులో 'అ' కలిసే ఉంటుంది. ఇక్కడ 'అ'కి కూడా ఒక గీత గీయాలి. గీత లేకపోతే అది పొల్లు. అంటే అచ్చు లేని వట్టి హల్లునీ, అచ్చు చేరిన హల్లునీ విడివిడిగా చూపించాలని మీ ఊరి లేఖకులు ఆలోచించారు. దేశంలో అంతా ఒక పద్ధతిలో రాస్తుంటే, ఇలా రాస్తే ఇంకా స్పష్టంగా ఉంటుందని ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. పిల్లలకి చెప్పాల్సింది ఇది. "మన ఊరివాళ్లు రాత గురించి సొంతంగా ఆలోచించారు" అన్న మాటకంటే గొప్ప మాట ఇంకేం కావాలి?

ప్రతీపాలపురం అన్న పేరు గురించి కూడా అంతే. ఊరి పాత పేరు అదేనని పుస్తకాల్లో, బోర్డుల మీద కనిపిస్తుంది. పెట్టెల మీది రాతల్లో మాత్రం ఆ పేరు లేదు. పలక మీద చెక్కించేటప్పుడు పెట్టెల మీద ఉన్నదే చెక్కించండి. మిగతాదంతా పంతుళ్లు మాటల్లో చెప్పుకోవచ్చు. కాలం విషయంలో కూడా పట్టుదల వద్దు. క్రీ.పూ. 3వ శతాబ్దమని అన్న పండితులున్నారు, 2వ శతాబ్దమని అన్నవాళ్లూ ఉన్నారు. "సుమారు 2200 ఏళ్ల కిందట" అంటే ఎవరూ వేలెత్తి చూపరు.

ఇప్పుడు స్తూపం ఎలా పోయిందో రాస్తాను.

మన డెల్టా సంగతి మీకు చెప్పనవసరం లేదు. ఎంత లోతు తవ్వినా నల్లమన్నే. ఒక గులకరాయి కావాలన్నా బయటినుంచి రావాల్సిందే. అందుకే రెండు వేల ఏళ్ల కిందట స్తూపం కట్టినవాళ్లు దాన్ని ఇటుకతో కట్టారు. ఒక్కొక్క ఇటుకా ఇప్పటి ఇటుక కంటే చాలా పెద్దది. పైన అలంకరణకి పాలరాతి పలకలను వేరే చోటినుంచి తెచ్చుకున్నారు. సుమారు 148 అడుగుల అడ్డకొలత, 40 అడుగుల ఎత్తు ఉన్న కట్టడం. చుట్టూ తిరగడానికి 8 అడుగుల వెడల్పు ప్రదక్షిణ పథం. చదునైన ఈ నేలలో ఎంతదూరం నుంచి కనపడేదో ఊహించుకోండి.

రాయి దొరకని ఈ నేల గుణమే దాని కొంప ముంచింది. 1852 నుంచి 1855 దాకా విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. ఆ వెనకే డెల్టా అంతటా కాలువలు, తూములు, లాకులు, రోడ్లు. అన్నింటికీ రాయి, ఇటుక కావాలి. ఊరి పక్కన చూస్తే వేల బళ్ల ఇటుక గుట్టగా పోసి ఉన్నట్టుంది. రోడ్డు మీద పరవడానికి ఆ ఇటుకల్ని తవ్వి తీసుకుపోయారు. పాలరాతి పలకల్ని వెల్లటూరు దగ్గర కాలువ తూము కట్టడానికి వాడారు. తవ్వుతున్నప్పుడు ఒక రాతి పెట్టె బయటపడింది. అందులో మట్టి ముంత, ముంతలో ఇంకో చిన్న భరిణె, భరిణెలో స్ఫటికపు సీసా, సీసాలో ఒక ముత్యం, కొద్దిగా బంగారు రేకు, చిటికెడు బూడిద. 1870లో కృష్ణా జిల్లా అధికారి బాస్వెల్ ఈ చుట్టుపక్కల దిబ్బల గురించి నివేదిక రాశాడు. అప్పుడు మన ప్రాంతమంతా కృష్ణా జిల్లాలోనే ఉండేది, గుంటూరు మళ్లీ వేరే జిల్లా అయింది 1904లో. తెల్లదొరల సర్కారే ఒక చేత్తో పడగొట్టింది, ఇంకో చేత్తో తవ్వి అచ్చువేసింది.

అప్పటి మనవాళ్లను కూడా తిట్టబుద్ధి కాదు నాకు. కూలికి వెళ్లినవాడికి అది వట్టి దిబ్బ. అంతకుముందు అమరావతిలో కూడా అదే జరిగింది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కడుతుంటే దీపాలదిన్నె అనే స్తూపం దిబ్బను రాళ్ల కోసం తవ్వారు, ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ అప్పుడే వెళ్లి చూశాడు. తేడా ఏమిటంటే, అమరావతి రాళ్లు చెన్నైకి, లండన్‌కి పోయి మ్యూజియాల్లో నిలబడ్డాయి. మీ రాళ్లు కాలువ నీళ్లలో నిలబడ్డాయి.

అందుకే వెల్లటూరు పంచాయతీని ప్రత్యేకంగా అడుగుతున్నాను. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు, నీళ్లు తీసిన ఆ రోజుల్లో, కాలేజీ పిల్లలు కొంతమందిని తీసుకుని పాత తూములు, లాకుల గోడలు, పాత వంతెనల కాళ్లు చూడండి. తెల్లటి, నునుపైన రాయి కనిపిస్తే, దాని మీద తామర పువ్వో, బొమ్మో, అక్షరమో ఉంటే, ఫోన్‌తో ఫొటో తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి, ఎక్కడ ఉందో రాసుకోండి. గునపం మాత్రం వేయొద్దు. గీకొద్దు, రంగు పూయొద్దు, ఇంటికి తీసుకుపోవద్దు. కట్టడంలో ఉన్న రాయి అక్కడే ఉండనీయండి. పాత గుళ్ల మెట్లు, బావి గట్లు, చాకిరేవు బండలు, ఇళ్ల ముందు పరిచిన పలకలు కూడా చూడండి. ఎవరి ఇంటి ముందైనా దొరికితే వాళ్లను భయపెట్టకండి. వాళ్ల తాత ఎప్పుడో తెచ్చి పరిచి ఉంటాడు. ఇంటివాళ్లతో మర్యాదగా మాట్లాడి ఫొటో తీసుకోండి. తరవాత ఆ ఫొటోలన్నీ ఒకచోట చేర్చి, పంచాయతీ లెటర్‌హెడ్ మీద పురావస్తు శాఖవాళ్లకు పంపండి. ఏమీ దొరక్కపోవచ్చు. కానీ వెతకడం అనేది ఊరివాళ్లు చేస్తే వేరుగా ఉంటుంది. ఏ గోడలో ఏ రాయి ఉందో బయటినుంచి వచ్చిన అధికారి కంటే అక్కడ చేపలు పట్టే కుర్రాడికే బాగా తెలుస్తుంది.

పెట్టెల సంగతి. అవి చెన్నై ఎగ్మోరు మ్యూజియానికి చేరాయి. అప్పుడు మనం మద్రాసు రాజధానిలో ఉన్నాం కాబట్టి అక్కడికే పోయాయి. వాటిని వెనక్కి ఇచ్చేయమని పోరాడదామని కొందరంటారు. ఆ కోరిక అర్థం చేసుకోగలను. కానీ కోర్టులు, ఉత్తరాలు అంటూ తరం గడిచిపోతుంది, ఈలోగా ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలకి ఏమీ దక్కదు. నేను కోరేది అంతకంటే తేలికైన పని. మూడు పెట్టెలకూ అదే కొలతలతో, అదే అక్షరాలతో నమూనాలు చేయించుకోవడానికి అనుమతి ఇవ్వమని పంచాయతీ తీర్మానం చేసి అడగండి. మన జిల్లాలోనే రాయి చెక్కే మంచి పనివాళ్లున్నారు. మూత తీసి, గుంటలో చెయ్యి పెట్టి, అంచు మీద అక్షరాల్ని వేలితో తడిమి చూసుకునేలా పిల్లలకి ఒక నమూనా ఉండాలి. అద్దాల వెనక ఉన్న అసలు పెట్టెతో ఆ పని కుదరదు.

ధాతువు ఎక్కడికి పోయిందో కూడా మీకు తెలియాలి. 1920లో భట్టిప్రోలు ధాతువును బెంగాల్ గవర్నర్ లార్డ్ రొనాల్డ్‌షే చేతుల మీదుగా మహాబోధి సొసైటీ అనే బౌద్ధ సంఘానికి అప్పగించారు. ఆ సంఘాన్ని స్థాపించిన అనగారిక ధర్మపాల కలకత్తా కాలేజీ స్క్వేర్ దగ్గర కట్టించిన ధర్మరాజిక చైత్య విహారంలో దాన్ని ప్రతిష్ఠించారు. ఊరేగింపుగా తీసుకువెళ్లారు. అంటే కూరుడి తల్లిదండ్రులు, సింహ గోఠివాళ్లు, నందపురం ఆడవాళ్లు భక్తితో దాచిన దానికి కలకత్తాలో ఇవాళ్టికీ మొక్కేవాళ్లున్నారు. ఆ విహారం వాళ్లకి మీ బడి పిల్లల చేత ఒక ఉత్తరం రాయించండి. మేం ఫలానా ఊరి పిల్లలం, మీ దగ్గర ఉన్నది మా ఊరిది, మీ విహారం ఫొటోలు పంపించండి, మీరూ ఒకసారి రండి అని. బౌద్ధులు దీన్ని చూసే తీరు వేరుగా ఉంటుంది, వాళ్లు వస్తే మన పిల్లలకి ఆ తీరు కూడా తెలుస్తుంది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన భిక్షువులు దిబ్బ చుట్టూ చెప్పులు విప్పి నడుస్తుంటే, మన పిల్లలు కూడా ఆ గట్టు మీద చెత్త వేయడం మానతారు.

ఒక మాట టీచర్లకి. పాఠ్యపుస్తకంలో భట్టిప్రోలుకి ఎన్ని లైన్లు ఇచ్చినా ఇవ్వకపోయినా మీరు ఆగక్కర్లేదు. ఒక పీరియడ్ చాలు. బోర్డు మీద ఆ మొదటి వాక్యం తెలుగు లిపిలో రాయండి. "పితు", "మాతు", "బుధ", "సరిర" అని చదువుతుంటే సగం మాటలు పిల్లలే గుర్తుపడతారు. తరవాత ఒక్కొక్కరినీ తమ ఇంట్లోవాళ్ల తరఫున అలాంటి వాక్యం ఒకటి రాయమనండి: ఫలానావాడి నాన్న, ఫలానావాడి అమ్మ, ఫలానావాడు, వాళ్ల చెల్లి కలిసి ఊరికి ఏమిచ్చారు, లేదా ఏమివ్వాలనుకుంటున్నారు. ఆ కాగితాలు బడిలో దాచండి.

పలకకి అయ్యే ఖర్చు సంగతి. అది ఎవరో ఒక్కరు, ఒక నాయకుడో, ఒక పెద్ద దాతో ఇచ్చేది కాకూడదని నా గట్టి అభిప్రాయం. గోఠి పద్ధతిలోనే చేయండి. ఇంటికి ఎంతో కొంత, పది రూపాయలైనా సరే. ఇచ్చినవాళ్లందరి పేర్లు ఆ పలక వెనకవైపు చెక్కించండి. కులం పేరు, పార్టీ పేరు, పదవి పేరు అక్కర్లేదు, పేరు చాలు. ముందువైపు వాళ్లవి, వెనకవైపు మీవి. స్త్రీలు ఇచ్చిన చోట వాళ్ల పేర్లే ఉండాలి, ఫలానావాడి అమ్మ అని కాదు.

చెక్కించేటప్పుడు ముందు మూల అక్షరాల్లో ఒక వరస, కింద తెలుగు లిపిలో అదే వాక్యం, ఆ కింద మామూలు తెలుగులో అర్థం ఉంటే బాగుంటుంది. ఇంగ్లీషు కూడా కావాలంటే అన్నింటికంటే కింద పెట్టండి. శాసనాల పాఠాన్ని అచ్చయిన ప్రతితో సరిచూసి తెలుగు లిపిలో రాసి ఇచ్చే పని నేను చేస్తాను. ఒక్కో అక్షరం సరిగ్గా ఉందో లేదో శాసనాలు చదవడం వచ్చిన మరో ఇద్దరిచేత సరిచూపిస్తాను. నాకు దీనికి డబ్బులేమీ వద్దు. గ్రామసభలో ఈ విషయం పెట్టే రోజున కబురు పంపితే వచ్చి, మీరడిగినవాటికి నాకు తెలిసినంతవరకు సమాధానం చెబుతాను. కాలువలు కట్టేసే లోపు వెల్లటూరు వెతుకులాటకి పిల్లల జట్టు ఒకటి తయారుచేసి ఉంచండి. ఈ ఏడాది ఎండాకాలం వృథా పోనీయొద్దు.

ఇట్లు,
మీ పొరుగూరి మనిషి